ఆమేన్ రాని ప్రార్థన

వీధిలో అందరూ ఆవిడను ప్రార్థనమ్మ అనేవాళ్లు. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. ఎందరు రోగులకు ఒళ్లు తుడిచి బెడ్‌పాన్ అందించిందో లెక్కలేదు. "నన్ను నీ దాసురాలిగా వాడుకో ప్రభువా" అని మొదలుపెట్టిందంటే ఆ ప్రార్థన ఓ పట్టాన తెమిలేది కాదు. వడ్డించిన భోజనం చల్లారి ఊరుకునేది.

తిరకాసంతా ఆ ప్రార్థనలోనే ఉంది. కోడలిని ఎదురుగా పల్లెత్తు మాట అనేది కాదు ప్రార్థనమ్మ. గయ్యాళి అత్త అనిపించుకుంటే సంఘంలో పరువేం కాను? అందుకని కళ్లు మూసుకుని దేవుడికి చెప్పేది. ఈ ఇంట్లో పొద్దెక్కేదాకా పడుకునేవారిని లేపు తండ్రీ అనేది. పుట్టింటి ఫోను వస్తే పొయ్యి మీది గిన్నె మరిచిపోయేవారికి బుద్ధినివ్వు అనేది. ఇంట్లో ఉండేదే ముగ్గురు. కొడుకు తెల్లారకుండానే బస్సు డిపోకు పోతాడు. ఇక మిగిలిందెవరో దేవుడికి విడమరిచి చెప్పాలా? దేవుడితో అన్న మాటకు కోడలు మాత్రం ఎలా ఎదురు చెబుతుంది? తల వంచుకుని విని, చివర్లో ఆమేన్ అనేది. అనక చస్తుందా.

అలాంటిది, బాత్రూంలో కాలు జారి ప్రార్థనమ్మ తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక మంచం వేసింది వంటింటి పక్క గదిలో. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. అటు ఒత్తిగిలాలన్నా కోడలే, ఇటు ఒత్తిగిలాలన్నా కోడలే. మొదటిసారి బెడ్‌పాన్ తన ఒంటి కిందికి వచ్చినప్పుడు ఆవిడకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. మళ్లీ పిలవాల్సి వస్తుందని మాత్రలకు తప్ప మంచినీళ్లు తాగడమే మానేసింది. కోడలు గ్లాసు నింపి పెట్టడం, సాయంత్రం ఆ నీళ్లు అలాగే తీసి పారబోయడం.

అప్పుడైనా నోరు ఊరుకుందా? కుటుంబ ప్రార్థనలో, కొందరి చెయ్యి మరీ మొరటు ప్రభువా, కాస్త మెత్తబరచు అంది. ముగించి ఆమేన్ కోసం ఆగింది. కోడలి నోట్లోంచి మాట రాలేదు. కొడుకు గొంతు సవరించుకున్నాడు. కోడలు లేచి దుప్పటి సరిచేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ తరవాత కూడా పనిలో ఏ లోటూ చెయ్యలేదు. ఆమేన్ మాత్రం అనలేదు. ప్రార్థనమ్మకు ఆ గది ఇంకా ఇరుకైపోయింది. లేచి పోవడానికి కాలు లేదు, పోట్లాడటానికి సాకు లేదు.

ఆదివారం ఆరాధన ముగించుకుని చర్చి అయ్యగారు ఇంటికే రొట్టె, ద్రాక్షరసం తెచ్చారు. పడ్డప్పటినుంచి చర్చికి పోలేక ఈ ప్రభువు బల్ల కోసం ఆవిడ అల్లాడిపోతోంది. ఎవరి మీదైనా మనసులో ఏదైనా ఉంటే ముందు అది సరిచేసుకుని ప్రార్థన చెయ్యమన్నారాయన, ఎప్పుడూ అందరికీ చెప్పే మాటే.

ప్రార్థనమ్మ కళ్లు మూసుకుంది. ప్రభువా అంది. అంతే. ఏ మాట ఎత్తబోయినా అందులో కోడలే అడ్డంగా నిలబడి ఉంది. ఆవిణ్ణి పక్కకు తప్పిస్తే దేవుడితో చెప్పడానికి తనకంటూ ఒక్క మాట మిగల్లేదు. ఇన్నాళ్లూ నేను దేవుడి ముందు కూర్చున్నదెప్పుడు అని భయమేసింది. చివరికి కళ్లు తెరిచి కోడలి వైపు చూసింది.

"నా ప్రార్థనలన్నీ నీ మీద చాడీలేనమ్మా. ఇంకోటి రావట్లేదు. నువ్వు చెయ్యి."

కోడలు గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఆమెకు పైకి ప్రార్థన చేసే అలవాటే లేదు.

"ప్రభువా, నన్ను పిలవాల్సి వస్తుందని అత్తయ్య నీళ్లు తాగట్లేదు. నా చెయ్యి మొరటుదే. నాకూ ఓపిక అయిపోతోంది. మా ఇద్దరికీ నువ్వే దిక్కు."

ఆగిపోయింది.

"ఆమేన్" అంది ప్రార్థనమ్మ. గొంతు ఎండిపోయి సగమే పైకి వచ్చింది.

అయ్యగారు రొట్టె అందించబోయారు. ఒక్క నిమిషం ఆగమని చెయ్యెత్తి, ఆవిడ కోడలి వైపు తిరిగింది.

"ముందు మంచినీళ్లివ్వమ్మా. గ్లాసు నిండా."