వెల్డింగ్ గల్లీలో రెండు చుక్కల పాలు

మొన్న మా గేటు కొండీ ఊడిపోతే ఒక కుర్రవాడు మోటారుసైకిలు మీద వచ్చి అతికించి పోయాడు. అతని వెల్డింగ్ మిషను మా కోడలి టిఫిను సంచి కన్నా పెద్దది కాదు. తలకు ముఖమంతా కప్పే నల్లటి టోపీ, అందులో వెలుగు లేవగానే తనంతట తానే నల్లబడే అద్దం, మోచేతుల దాకా తోలు తొడుగులు, కాళ్లకు బరువైన బూట్లు. పని మొదలుపెట్టే ముందు నా వైపు తిరిగి, "అవ్వా, లోపలికి పో, గిటు సూడకు, కండ్లు మండుతయ్" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ వెలుగుకు మండిన కళ్లను నా వయసులో నేను ఎన్ని చూశానో ఆ పిల్లవాడికి ఎవరు చెబుతారు?

మా ఆయనకు ఇదే బోధన్‌లో, చక్కెర ఫ్యాక్టరీకి పోయే తోవలో వెల్డింగ్ షాపు ఉండేది. ముందు షాపు, వెనక ఇల్లు. మా గల్లీలో అందరివీ అవే పనులు. సిరికొండ అడవి గాలికి పెరిగిన నేను ఇక్కడికి కోడలిగా వచ్చిన కొత్తలో ఫ్యాక్టరీలో చెరుకు రసం మరిగి మిగిలే మడ్డి వాసనకు ముక్కు మూసుకునేదాన్ని, తరవాత తరవాత పుట్టింటికి పోయినప్పుడు ఆ వాసన లేక నిద్ర పట్టేది కాదు. చెరుకు సీజను వచ్చిందంటే, మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, రోడ్డు పొడవునా ఎడ్లబండ్లు, ట్రాక్టరు ట్రాలీలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉండేవి. ఆ వరుసలో ఎవరి ఇరుసు విరిగినా, ఎవరి కొక్కెం తెగినా మా షాపుకే పరుగు. వలస వచ్చి చుట్టుపక్కల క్యాంపుల్లో స్థిరపడ్డ కోస్తా రైతులైతే మరీ తొందరపెట్టేవారు, వరుసలో చోటు పోతే చెరుకు ఎండి తూకం తగ్గుతుందని వాళ్ల బెంగ.

ఆ తొందరలో జాగ్రత్త ఎవరికి పట్టేది? చెక్కకు నల్లద్దం బిగించిన షీల్డు ఒకటి ఉండేది గానీ, చిన్న అతుకైతే దాన్ని తీసే ఓపిక కూడా లేక మొహం పక్కకు తిప్పుకుని అంటించేసేవారు. లుంగీ, రబ్బరు చెప్పులు, నిప్పురవ్వలకు జల్లెడైపోయిన చొక్కా, ఇదీ మా ఆయన వేషం. ఆ చొక్కాలకు మాసికలు వేసీ వేసీ నా వేళ్లకు సూది పోట్లు. పొద్దుగూకేసరికి రెండు కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలయ్యేది. దానికి మా గల్లీ వాళ్లందరికీ తెలిసిన మందు ఒకటే, పాలిచ్చే తల్లి పాలు రెండు చుక్కలు.

అప్పుడు మా చిన్నది చంటిపిల్ల. కనుక ఆ సీజనంతా గల్లీకి దవాఖాన మా ఇల్లే అయింది. నేను తడక వెనక నుంచి చిన్న గిన్నెలో పాలు అందిస్తే, మా అత్త దూది ముంచి, గోడ వారగా కళ్లు మూసుకుని కూర్చున్న ఆ మొగవాళ్లకు పిండేది. నా ఎదుట తలెత్తి మాట్లాడని వాళ్లు కూడా మంట చల్లారగానే పోతూ పోతూ "పోతున్న అక్కా" అని చెప్పి పోయేవారు. చిన్నదాని పాలకు ఊరంతా వాటాదారులేనని మా ఆయన మురిసిపోయేవాడు. పాలు పోసినా పొయ్యకపోయినా ఆ మంట మర్నాటికి తగ్గేదేనని నాకు తరవాత గానీ తెలియలేదు.

ఒక సాయంత్రం మా ఆయన కన్ను పట్టుకుని వచ్చాడు. ఆ పూట ట్రాలీ కొక్కేనికి అతుకు వేసి, షీల్డు పక్కన పెట్టి, అతుకు మీద గట్టిపడ్డ నల్ల పెచ్చును సుత్తితో కొట్టి రాలగొట్టాడట. అద్దం వెలుగుకే గానీ పెచ్చుకెందుకని అప్పుడు అందరూ అనుకునేవారు, తప్పంతా అక్కడే ఉంది. అత్త మామూలుగానే పాలు పిండింది. మర్నాడు మళ్లీ పిండింది. ఆ మరునాటికి కన్ను తెరిపిడి పడకపోగా రెప్ప ఉబ్బి నీరు ధార కట్టింది. అయినా రుమాలు కట్టుకుని షాపులోకి పోబోతుంటే నేను అడ్డం నిలబడి, రుమాలు విప్పి, వెలుతురు వైపు తిప్పి చూశాను. అన్నాళ్లూ అంతమందిని చూస్తున్నా కదా, వెలుగు కొట్టిన వాళ్లకు రెండు కళ్లూ మండేవి, తెల్లారేసరికి ఎంతో కొంత నిమ్మళించేవి. ఈయనకు ఎడమ కన్ను ఒక్కటే, అదీ రోజురోజుకూ ఎక్కువవుతోంది. కన్ను పోతే ఆ పని లేదు, ఆ పని తప్ప ఆయనకు మరో పని రాదు.

"రెండు సుక్కలు పొయ్యవే, బండ్లు ఆగినయ్" అన్నాడు.

"పొయ్య" అన్నాను. "ఇది ఎలుగు కొట్టిన కన్ను గాదు, లోపల ఏదో వడ్డది. నిజామాబాద్ పోదాం పా."

ఇల్లు భగ్గుమంది. "మొగని కంట్లె పాలు పొయ్యనన్న ఆడిదాన్ని నా పుట్టుకల సూడలే" అని అత్త గల్లీ అంతా వినేలా అంది. వేరే బాలింత దగ్గర గిన్నె తేవడానికి ఆమె బయలుదేరేలోపే నేను వెనక తలుపు నుంచి పోయి, మా గల్లీలో పాలిచ్చే ఆడవాళ్లందరి కాళ్లావేళ్లా పడి, ఎవరూ ఇవ్వవద్దని ఒట్టు పెట్టించుకుని వచ్చాను. అత్త ఖాళీ గిన్నెతో తిరిగొచ్చింది. ఆ రోజు నన్ను ఎన్ని మాటలు అన్నారో చెప్పుకుంటే ఇప్పుడు నవ్వులాట గానీ, అప్పుడు చంటిదాన్ని ఒళ్లో వేసుకుని కడుపారా ఏడ్చాను. చివరికి నొప్పి ఆగలేకనో, నా మంకుపట్టుకు విసిగో, ఆయన బస్సెక్కాడు. దారి పొడవునా నా పక్కన కూర్చోక ముందు సీట్లో కూర్చున్నాడు.

నిజామాబాద్ కంటి దవాఖానలో డాక్టరు చూసి, నల్లగుడ్డు మీద ఇనుప పెచ్చు దిగబడి తుప్పు కూడా పట్టిందని చెప్పాడు. మత్తుమందు చుక్కలు వేసి సన్నటి సూదితో తీస్తుంటే నేను గుమ్మం బయట కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. పాలు పోసినట్టు చెబితే డాక్టరు గట్టిగా చీవాట్లు పెట్టాడు. కన్ను దక్కింది. గుడ్డు మీద తెల్లటి మచ్చ ఒకటి మిగిలి, ఆ కంటికి చూపు మసకగానే ఉండిపోయింది. తిరుగు బస్సులో మాత్రం మా ఆయన నా పక్కనే కూర్చున్నాడు, దిగేదాకా నా చెయ్యి వదలలేదు.

ఆ తరవాత షాపులో మేకుకు తెల్ల కళ్లద్దాలు వేలాడాయి, పెచ్చు కొట్టాలంటే అవి పెట్టుకోవాల్సిందే. ఎవరైనా కన్ను మూసుకుని గుమ్మంలోకి వస్తే నేను గిన్నె తీయడం మానేసి, ఒక కన్నా, రెండు కండ్లా అని అడిగేదాన్ని. రెండైతే చల్లటి తడిగుడ్డ ఇచ్చేదాన్ని, ఒకటైతే బస్సెక్కించే దాకా ఊరుకునేదాన్ని కాదు. నన్ను రాక్షసి అన్న అత్తే, ఎవరైనా తాత్సారం చేస్తే కర్ర పట్టుకుని వెంటపడేది. ఆమె పోయి ఎన్నేళ్లయిందో, నాకు కోపం వచ్చినప్పుడల్లా ఆ గొంతు ఇప్పుడూ వినిపిస్తుంది.

ఇప్పుడు ఎవరికీ పాల అవసరం లేదు, మంచిదే. కళ్లు మండించుకుని పని చేసిన ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరను. కానీ పొద్దుగూకితే గోడ వారగా ఎవరో ఒకరు కూర్చుని ఉండే ఆ ఇల్లు నాకు కావాలనిపిస్తుంది. ఫ్యాక్టరీ మూతపడింది, బండ్ల వరుస పోయింది, గల్లీలో మిషన్లు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. సాయంత్రాలు మేమిద్దరం డాబా మీద కూర్చుంటాం. ఒక్కోరోజు మా ఆయన కుడికన్ను అరచేత్తో మూసుకుని, మచ్చ ఉన్న కంటితో ఫ్యాక్టరీ చిమ్నీ వైపు చాలాసేపు చూస్తాడు. "గీ కంటితోని సూస్తే ఇంకా పొగ వస్తున్నట్టే ఉంటదే" అంటాడు. నా రెండు కళ్లూ బాగున్నాయి, నాకు మాత్రం ఉత్త చిమ్నీయే కనిపిస్తుంది.