పచ్చ ఓణీలో నేను

ఫోటోలు తీసుకోవడానికి నిరుడు ఒంటరిగా, తక్కువ ఖర్చులో మైపాడు బీచ్‌కి వెళ్లాను. లాడ్జి బదులు కాంతమ్మ అనే జాలరి ఇల్లాలి ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను.

రెండో రోజు పొద్దున కెమెరాతో బయల్దేరుతుంటే ఆమె ఒక పచ్చ ఓణీ తెచ్చింది.

"అమ్మణ్ణీ, ఇది మా సుజాతది. నాలుగేళ్ల కింద బిడ్డని అల లాక్కపోయింది. ఉన్న ఫోటోలన్నీ తన ఫోన్‌తోనే పోయినాయి. నువ్వు ఇది కప్పుకోని సముద్రం పక్కకి తిరిగి నిలబడితే, ఒక్క ఫోటో తీసుకుంటా."

కాదనలేకపోయాను. ఏ బటన్ నొక్కాలో ఆమెకు చూపించి, ఓణీ కప్పుకుని ఒడ్డున నిలబడ్డాను. ఎంతసేపటికీ క్లిక్ వినిపించలేదు.

ఉన్నట్టుండి వెనక నుంచి కేక వినిపించింది. "సుజాతా! లోపలికి పోవద్దు, వచ్చేయ్!"

గిరుక్కున తిరిగాను. నీళ్లు నడుము దాకా ఉన్నాయి. కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. పడుతూ లేస్తూ ఒడ్డుకు చేరాను. కాంతమ్మ నా ముఖం రెండు చేతులతో పట్టుకుని చూసి, "నువ్వా!" అంటూ కూలబడి ఏడ్చింది.

కేక వేస్తూనే ఆమె బటన్ నొక్కినట్టుంది. నడుము లోతు నీళ్లలో వెనక్కి తిరిగిన నా ఫోటో ఇప్పటికీ కెమెరాలో ఉంది. ఒడ్డున నిలబడిన నేను ఆ నీళ్లలోకి ఎప్పుడు నడిచానో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తురాదు.

– మాధవి, ఒంగోలు