మూడో నొక్కుకి పేలే రివాల్వర్

చవక రివాల్వర్ కొన్నవాళ్ళంతా నా ప్రాణం తియ్యడానికే పుట్టారని నా గట్టి నమ్మకం. కెంటకీ కొండల్లో మా మామయ్యకు ఇనుప సామాన్ల కొట్టుంది. అందులో వెనకవైపు తుపాకుల బల్ల నాది. ఇరవై రెండేళ్ళుగా దాని వెనకే నిలబడుతున్నాను. ఖరీదైన తుపాకీ కొన్నవాడు మళ్ళీ మొహం చూపించడు. జేబులో పట్టే పొట్టి మూతి రకం, అదీ చవకది, కొన్నవాడు మాత్రం వారం వారం దిగుతాడు. పాస్టరు గారి భార్య రివాల్వర్‌కి మర ఊడి చేతిసంచీలో పడిపోతే, ఆవిడ సంచీ మొత్తం నా బల్ల మీద బోర్లించి, దువ్వెనల, దగ్గు బిళ్ళల మధ్య వెతికి పెట్టమంది. లారీ నడిపే వెర్జిల్ తన దాంట్లో తూటాలుండే చక్రం తిరగడం లేదని తెచ్చాడు. తిరుగుతుందా మరి, నిండా పొగాకు పొడి! "ఇలాంటివి ఎందుకమ్ముతావయ్యా?" అని పైగా నా మీదే ఎగిరాడు.

ఇంతమందిలోనూ నన్ను ఎక్కువ విసిగించింది ఒలీటా పిన్ని. ఆవిడ నాకు చుట్టం కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు మా బడి బస్సు నడిపింది, నేను ఎనిమిదేళ్ళు ఆ బస్సులో వెళ్ళాను. చలికాలంలో రోడ్డంతా మంచు గడ్డకట్టినా, ఆవిడ ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని ఇంకో చేత్తో వెనక సీట్లో కొట్టుకునేవాళ్ళకు వేలు చూపించేది. అంతే, బస్సంతా గప్‌చుప్. భర్త హెర్షెల్ బొగ్గు గనిలో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. అప్పటి నుంచి కొండ మీది ఇంట్లో ఆవిడా, పిప్ అనే ముసలి కుక్కా.

ఆ ఇంటికి నీళ్ళు ఊట నుంచి రావాలి. ఊట చుట్టూ బండలు, బండల కింద తోక గిలకలాడించే విషప్పాములు. ఆవిడ రోజూ పొద్దున బకెట్ పట్టుకుని వెళుతుంది, పిప్ ముందు నడుస్తుంది. దానికి సగం చెవుడు, పాము చప్పుడు చేసినా వినపడదు. కాబట్టి ఆవిడ చేతిలో ఉన్నది మొదటి నొక్కుకే పేలాలి. ఆవిడకు కావలసింది అదొక్కటే. ఆ మాట నాకు వందసార్లు చెప్పింది.

ఇంతకుముందు హెర్షెల్ రివాల్వర్ వాడేది. పాతదీ, బరువైనదీ, నిక్షేపంలాంటిది. కీళ్ళవాతంతో మణికట్టు లేవక, కిందటి మార్చిలో దాన్ని నాకిచ్చి, బదులుగా తేలికపాటి పొట్టి రకం పట్టుకెళ్ళింది. ఏప్రిల్లో మొదలైంది నా బాధ.

"ఒరే డెల్మర్, ఇది పేలదురా."

"అసలు పేలదా పిన్నీ?"

"పేలుతుంది. టిక్కు, టిక్కు, ఢాం. మా బస్సు స్టార్టర్ కూడా ఇలాగే ఏడ్చేది. అయితే బస్సు ముందు పాము చుట్టచుట్టుకుని కూర్చోదు గదా!"

కొట్టు వెనక మట్టిగుట్ట దగ్గరికి తీసుకెళ్ళి, చక్రంలోని అయిదు గదుల్లోనూ అయిదు తూటాలు పెట్టి కాల్చాను. అయిదూ పేలాయి. ఇంకో అయిదు పెట్టాను. అవీ పేలాయి.

"చూశారా?"

"నీ చేతిలో పేలుతుంది, నా చేతిలో పేలదు. నేనంటే దానికి పడదంటావా?"

"ట్రిగ్గర్ సగం నొక్కి వదిలేస్తున్నారు పిన్నీ. మీ వేలికి బలం చాలడం లేదు."

ఆవిడ ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టింది. "ఈ వేలు చూసి నువ్వు నిక్కరు తడుపుకున్న రోజులు మర్చిపోయావా?"

మేలో మళ్ళీ వచ్చింది. స్ప్రింగు మార్చాను. జూన్‌లో మళ్ళీ వచ్చింది. విసుగెత్తి దాన్ని తయారుచేసిన వాళ్ళకే పంపించాను. నాలుగు వారాలు కూర్చోబెట్టి, "పరీక్షించితిమి, సక్రమముగా పనిచేయుచున్నది" అని చీటీ అతికించి తిరిగి పంపారు. ఆ చీటీ చదివి ఆవిడ నా వంక చూసింది. నేను పైకప్పు వంక చూశాను. ఆవిడ వాకిలి వైపు కదిలాక వెర్జిల్‌తో, "ముసలావిడకు చేతకాదు, ఒప్పుకోదు" అన్నాను. ఆ మాట వాకిలి దాకా వినపడిందో లేదో నాకు తెలియదు. వినపడే ఉంటుంది.

మా కొట్టు తలుపు మీద పెద్ద బోర్డుంది: తుపాకీ ఖాళీ చేసి లోపలికి రండి. ఒకసారి ఎవడో పొరపాటున తుపాకీ పేల్చి పెయింటు డబ్బాల వరుసకు చిల్లులు పెడితే మామయ్య రాయించాడు. ఒలీటా పిన్ని ప్రతిసారీ కారు దగ్గరే తూటాలు తీసేసి, ఖాళీ రివాల్వర్‌నే బల్ల మీద పెట్టేది. నేను నా తూటాలు నింపుకునేవాణ్ణి. మా ఇద్దరికీ అది అలవాటైపోయింది.

ఆగస్టులో ఒక శనివారం పొద్దున ఆవిడ బోర్డు వంక కూడా చూడకుండా లోపలికి వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. రివాల్వర్ బల్ల మీద పెట్టింది.

"పిప్‌ని కాటేసిందిరా. మొహం మీద. పాము నాకు బారెడు దూరంలో ఉంది. టిక్కు. టిక్కు. మూడోది పేలేసరికి పాము కుక్క మొహాన్ని పట్టేసింది."

"బతికుందా?"

"పశువుల డాక్టరు దగ్గరుంది. బతుకుతుందట. ఒక కన్ను పోతుందట." ఆవిడ గొంతు వణకలేదు. వణికి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది. "అలాగే నింపి తెచ్చాను. నువ్వే నొక్కి చూడు. ఇప్పుడు కూడా నా వేలే అంటావేమో చూద్దాం."

నొక్కలేదు. చక్రం తెరిచాను. అయిదు గదుల్లో రెండే తూటాలున్నాయి, రెండూ ఎడమవైపే. ఆవాలంత సీసపు గుళ్ళు నింపిన పాము తూటాలు. తూటాను కొట్టే సుత్తి కిందిది ఖాళీ, కుడివైపు రెండూ ఖాళీ.

"ఇలా ఎవరు పెట్టమన్నారు పిన్నీ?"

"హెర్షెల్. సుత్తి కింద ఎప్పుడూ ఖాళీ ఉండాలి, జారిపడితే పేలకూడదు గదా. పాముకు రెండు చాలు, ఎడమవైపు పెట్టుకో అనేవాడు. నలభై ఏళ్ళు అలాగే పెట్టాను. ఒక్కసారి కూడా టిక్కుమనలేదు."

టిక్కుమనదు. హెర్షెల్ రివాల్వర్ చక్రం కుడికి తిరుగుతుంది. నొక్కగానే ఎడమవైపు తూటా పైకొస్తుంది. ఈ పొట్టిదాని చక్రం ఎడమకి తిరుగుతుంది. కుడివైపు ఖాళీ గదులు రెండూ ముందు రావాలి, ఆ తర్వాతే తూటా. దీనికి వేలి బలంతో పని లేదు, స్ప్రింగుతో పని లేదు. అయిదూ నింపి కాలిస్తే మొదటి నొక్కుకే పేలుతుంది, కాబట్టి ఆ చీటీలో అబద్ధమూ లేదు.

రెండు రివాల్వర్లూ పక్కపక్కన పెట్టి తిప్పి చూపించాను. హెర్షెల్‌ది ఇంకా నా అద్దాల పెట్టెలోనే ఉంది. ఆవిడ వంగి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి చాలాసేపు చూసింది.

"అంటే ఆయన చెప్పింది తప్పా?"

"తప్పు కాదు. ఆయన దానికి అదే సరైన పద్ధతి."

"రెండూ వేర్వేరు వైపులకి తిరుగుతాయని నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకున్నాను. కానీ ఆవిడ బస్సు అద్దంలోంచి చూసినట్టే చూస్తోంది.

"మొదటి నుంచీ తెలుసు. మార్చిలో మీ చేతికిచ్చిన రోజు కూడా తెలుసు."

"ఎలా నింపుతున్నావు పిన్నీ అని ఒక్కసారి అడిగావా?"

"లేదు."

"ఏప్రిల్లో ఆ ఒక్క ముక్క అడిగి ఉంటే నా కుక్కకు రెండు కళ్ళుండేవిరా డెల్మర్."

మా ఆవిడ గోళ్ళరంగు సీసా ఒకటి సొరుగులో ఉంటే తీసి, కుడివైపు ముందు నింపాల్సిన గదుల పక్కన రెండు ఎర్ర చుక్కలు పెట్టాను. ఆరేదాకా ఆవిడ అక్కడే నిలబడింది. అయిదూ నింపుకోండి, ఇప్పుడొచ్చేవి జారిపడినా పేలవు అన్నాను. "హెర్షెల్ ఒప్పుకోడు" అంది, ఎర్ర చుక్కల దగ్గర రెండే పెట్టుకుని జేబులో వేసుకుంది.

ఆ సోమవారం తలుపు మీది బోర్డు తీసేశాను. మామయ్య పెయింటు డబ్బాల పేరు చెప్పి నానా తిట్లూ తిట్టాడు. ఇప్పుడు ఎవరు రివాల్వర్ పట్టుకొచ్చినా నా ముందే నింపి చూపించమంటున్నాను. పాస్టరు గారి భార్య, "నాకు చేతకాదనుకుంటున్నావా?" అని విసురుగా వెళ్ళిపోయింది. పోనీ.

మొన్న ఆ దారిన వెళుతూ ఊట దగ్గర ఒలీటా పిన్నిని చూశాను. ఒక చేతిలో బకెట్, ఇంకో చేతిలో రివాల్వర్. పిప్ ఇప్పుడు ముందు నడవదట. ఆవిడే ముందు నడుస్తోంది, ఒంటికన్ను కుక్క ఆవిడ కాళ్ళ వెనకే వస్తోంది. నేను చెయ్యి ఊపాను. ఆవిడ రెండు చేతులూ ఖాళీగా లేవు.