మా సినిమాల్లో దెయ్యం, మా ఎదురింటి అత్త

మంగళవారం ఉదయం విశాఖపట్నంలో ఆఫీసుకు బయలుదేరుతుంటే అత్త కూతురు ఫోన్ చేసింది. "అమ్మ ఎల్లిపోనాదక్కా" అంది. ఎలా అని నేను అడగలేదు. రెండేళ్లుగా అత్త డయాలసిస్ కోసం పలాస తిరుగుతోంది. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో ఎలా పోయారని ఎవరూ అడగరు, శవాన్ని ఎప్పుడు తీస్తున్నారని అడుగుతారు. తర్వాత ఆ అమ్మాయే అంది: "అమ్మ ఫొటో ఒకటి పంపక్కా. ఇంట్లో ఉన్నవి తుఫానుకి తడిసి పాడైపోనాయి. నీ సినిమాలన్నిట్లోనూ అమ్మే కదా ఉంది."

పంపుతానన్నాను. అన్నాక గుర్తొచ్చింది.

మీలో కొందరు ఆమెను చూసే ఉంటారు. ఫోన్లో దెయ్యాల షార్ట్ ఫిల్ములు చూసే అలవాటుంటే, జీడిచెట్ల మధ్య జుట్టు విరబోసుకుని కదలకుండా నిలబడ్డ ఒక ఆడమనిషి ఎప్పుడో ఒకప్పుడు మీ కంట పడే ఉంటుంది. నేను తీసిన వాటన్నిట్లో దెయ్యం మా ఎదురింటి అత్తే. టెక్కలి కుర్రాళ్లు తీసిన వాటిలోనూ ఆమే. ముఖం మాత్రం మీరెవరూ చూడలేదు. మేమెవరం చూపించలేదు.

మొదటి సినిమా నేను డిగ్రీ రెండో ఏడులో తీశాను. దెయ్యంగా వేయాల్సిన స్నేహితురాలిని వాళ్లమ్మ ఆపేసింది, పెళ్లి కావాల్సిన పిల్లకు ఆ వేషమేమిటని. నేను మా అరుగు మీద కూర్చుని అందరినీ తిట్టుకుంటుంటే ఎదురరుగు మీంచి అత్త, "నాను సేత్తాను లేవే. ఆదివారం ఫేక్టరీ లేదు కదా" అంది. చేతులకు పూయడానికి నేను బొగ్గుపొడి తెచ్చుకున్నాను. ఆమె దాన్ని చూసి నవ్వి తన చేతులు చాపింది. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ, సొన అంటి వేళ్లు నల్లబడిపోయి, గోళ్ల చుట్టూ చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. "ఇరవై ఏళ్ల నుంచీ మేకప్ ఏసుకుంటన్నాను. నీ బొగ్గెందుకే?"

ఆ సినిమాను రాత్రిపూట తీయాలనుకున్నాం. అత్త ఒప్పుకోలేదు. "రాత్రి భయమేటే? పక్కన ఎవులో ఒకలు పడుకునుంటారు. మిట్టమజ్జాన్నం తోటలో ఒంటిగా నిలబడి సూడు. ఎనకనుంచి నీ పేరు ఎవులో పిలిసినట్టుంటాది."

వెళ్లి నిలబడ్డాను. ఆకు కదలడం లేదు. దూరంగా సముద్రం ఒకటే హోరు. నా నీడ నా కాళ్ల కిందే ఉంది. ఐదు నిమిషాలు ఉండలేకపోయాను. అప్పటి నుంచి మా సినిమాలన్నీ ఎండలోనే తీశాం. పట్టపగలు ఇంత భయపెట్టడం కొత్తగా ఉందని చాలామంది మెచ్చుకున్నారు. ఆ మెప్పంతా నేనే తీసుకున్నాను. ఆ ఆలోచన అత్తదని ఇప్పుడు రాస్తున్నాను, ఇన్నాళ్లూ రాయలేదు.

తోట యజమానిని ఒప్పించేదీ, అడ్డం వచ్చే మేకల్ని తోలేదీ ఆమే. టెక్కలి నుంచి ముక్కూమొహం తెలియని పిల్లలు వచ్చి అడిగినా కాదనేది కాదు. ఒక్కటే షరతు పెట్టేది: పని అయ్యాక అందరూ తన ఇంట్లో కూర్చుని అన్నం తినాలి. ఎందుకంత శ్రమ అని ఒకసారి అడిగాను. భర్త పోయి చాలా కాలమైంది, కూతురు పెళ్లి చేసుకుని నిమ్మాడ వెళ్లిపోయింది. "ఆరు రోజులు ఫేక్టరీ నన్ను తింతాది. ఆదివారం ఇల్లు తింతాది" అంది, ఎండుచేపల పులుసు కలుపుతూ. అది సినిమాలో ఎక్కడ వాడుకోవచ్చా అని నేను ఆలోచించాను. అప్పట్లో నేను అలాంటిదాన్ని.

ఒకసారి నౌపడ ఉప్పుమళ్లలో తీశాం. తెల్లటి నేల మీద నల్లటి జుట్టుతో ఆమె నడిచొస్తుంటే నాకే ఒళ్లు జలదరించింది. గట్టు మీద ఉప్పు ఎత్తుతున్న ఒకాయనకు మాత్రం ఏమీ అనిపించలేదు. "ఓలప్పా, జుట్టు ఆరబెట్టుకోడానికి ఇంతదూరం వచ్చినావేటి? మీ ఊళ్లో ఎండ లేదా?" అని కేకేశాడు. జుట్టు లోపల్నుంచి దెయ్యం జవాబిచ్చింది: "ఉంది గానీ బావా, నిన్ను సూద్దారనొచ్చినాను." ఆ టేకు పనికిరాలేదు.

ఆ సినిమా టెక్కలిలో మా కాలేజీ హాల్లో వేశాం. అత్త నీలం చీర కట్టుకుని వచ్చి వెనక వరుసలో కూర్చుంది. అయిపోయాక మమ్మల్నందరినీ వేదిక మీదికి పిలిచారు. దెయ్యం ఎవరని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు. తిరుగు బస్సులో ఆమే చెప్పింది. "నా పక్కన కూకున్న పిల్ల జడుసుకుని నా సెయ్యి గట్టిగా పట్టీసుకుందే. నన్ను సూసి జడిసి, నా సెయ్యే పట్టుకుంది పిచ్చి గుంట."

"అది నువ్వేనని చెప్పలేదా అత్తా?"

"సెప్తే ఒదిలీసీది గదా."

నౌపడ దాటాక, కిటికీ వైపు చూస్తూనే అంది: "కోడలా, ఒక్క సినిమాలో నా ముకం సూపించవే. మా గుంట సూసుకుంటాది."

ముఖం చూపిస్తే భయం పోతుందన్నాను. "అయితే దెయ్యం లేని సినిమా తియ్యి. నానుంటాను కదా" అంది. మాటిచ్చాను. నాలుగు పేజీలు రాశాను కూడా: ఒక ఆవిడ, మధ్యాహ్నం, ఖాళీ ఇంట్లో వంట. అంతే కథ. ఈలోగా విశాఖలో ఉద్యోగం దొరికింది. ఏ పనీ చివరిదాకా నిలబడి చేసే మనిషిని కాదు నేను. ఆ నాలుగు పేజీలు నాలుగు పేజీలుగానే ఉండిపోయాయి.

కిందటి నెల ఫోన్ చేసి, సంక్రాంతి వెళ్లాక తీద్దామన్నాను. "ఇప్పుడొద్దులే. ముకమంతా ఉబ్బిపోనాది. ఇప్పుడు సూపిత్తే నిజంగానే జడుసుకుంటారు" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ మంగళవారం నేను చేరేసరికి తీసేశారు. పదకొండో రోజుకు ఫొటో కావాలి. హార్డ్ డిస్కు ముందేసుకుని కూర్చున్నాను. గంటల కొద్దీ అత్త ఉంది. జుట్టు, వీపు, వేళ్లు, మడమలు. నేను యాక్షన్ అన్నప్పటి నుంచి కట్ అనేదాకా ఎక్కడా ఆమె ముఖం లేదు. చివరికి కూతురు ఆధార్ కార్డులో ఫొటోనే పెద్దది చేయించి దండ వేసింది. అందులో ఉన్నావిడ ఎవరో, ఎవరి ప్రశ్నకో జవాబు తెలియక నిలబడ్డట్టుంది.

కర్మ అయిపోయాక, కట్ తర్వాతి ముక్కలు కూడా చూడడం మొదలుపెట్టాను. ఒకచోట ఆమె ముఖం దొరికింది. అందులోంచి ఒక ఫొటో తీసి పంపాను. ఆధార్ ఫొటో తీసేసి దాన్ని పెట్టుకున్నారు. "అమ్మే అక్కా, అచ్చం అమ్మే" అంది ఆ అమ్మాయి. మిగతా ముక్క నేను పంపలేదు.

అందులో మేమెవరం లేం. కట్ అనేసి, కెమెరా ఆపడం మరిచిపోయి నీడలోకి వెళ్లిపోయాం. దూరాన నిలబడ్డ ఆమెకు నా మాట వినబడలేదు. కాసేపు చూసి, జుట్టు వెనక్కి తోసుకుంటూ కెమెరా దగ్గరికి వస్తుంది. వంగి, లెన్సు గాజులో తనను తాను చూసుకుంటుంది. కొంగుతో నుదురు తుడుచుకుని, గడ్డం కొంచెం ఎత్తి ఇటూ అటూ తిప్పుకుంటుంది. తెర నిండా అత్త ముఖం. తర్వాత పక్కకు తిరిగి, "అయిపోనాదేటే?" అంటుంది. ఎవరూ పలకరు. మళ్లీ అడగదు. జుట్టు ముందుకు వేసుకుని, వెనక్కి నడిచి, ఇసకలో మేం గీసిన గుర్తు మీద నిలబడుతుంది. కెమెరాలో మెమరీ కార్డు నిండిపోయేదాకా అలాగే నిలబడి ఉంది.