ఈత వస్తే సరిపోదు

తాండూరులో మా కుళాయి నీళ్లు కొన్ని రోజులు పొద్దున ఈతకొలను నీళ్లలా ఘాటుగా బ్లీచింగ్ వాసన కొడతాయి. దోసిలి పట్టగానే ముక్కు మండుతుంది. ఆ వెంటనే సరోజ మేడం గుర్తొచ్చి ఒళ్లు కూడా మండుతుంది. ఆమె పోయి చాన్నాళ్లయింది. నా చిరాకు మాత్రం ఇంకా పోలేదు.

ఇంటర్ అయిన వేసవిలో వికారాబాద్‌లో మా మేనత్త ఇంట్లో ఉండి లైఫ్‌గార్డ్ శిక్షణకు వెళ్లాను. ఊరి బయట ఒక రిసార్టు ఈతకొలనులో లైఫ్‌గార్డ్ పనికి ఒక అమ్మాయిని తీసుకోవాలనుకున్నారు. సర్టిఫికెట్ ఉంటే చాలన్నారు, శిక్షణ కూడా ఆ కొలనులోనే. మాది దోమ మండలంలో ఒక పల్లె, నాన్న గొర్రెలు కాసేవాడు. సర్టిఫికెట్ తెచ్చుకుంటే పని చేసుకుంటూ డిగ్రీ చదువుకోమన్నాడు, రాకపోతే తిరిగొచ్చి మంద వెంట నడవమన్నాడు. నాకేమీ దిగులు లేదు. వ్యవసాయ బావిలో దూకుతూ పెరిగినదాన్ని. శిక్షణకు వచ్చినవాళ్లలో నన్ను మించి ఈదేవాళ్లు లేరు.

మాకు నేర్పడానికి వచ్చిన సరోజ మేడం ఆ సంగతి గుర్తించినట్టే కనబడలేదు. పొట్టి మనిషి, మెడలో విజిల్, చేతిలో నల్ల గొడుగు. మొదటి వారమంతా నన్ను నీళ్లలోకి దిగనివ్వలేదు. ఎత్తు కుర్చీ మీద కూర్చోబెట్టి నీళ్లు చూడమంది. నీళ్లలో చూడటానికి ఏముంటుందని అడిగితే, అది తెలిసేదాకా కూర్చోమంది. పక్కకు చూస్తే విజిల్. ఫోన్ ముట్టుకుంటే విజిల్. రాత్రి మేనత్త కుక్కర్ కూత వేసినా ఉలిక్కిపడేదాన్ని.

తర్వాత ఒకరు మునుగుతున్నట్టు నటిస్తే ఇంకొకరు కాపాడాలి. నేను ప్రతిసారీ అందరికన్నా ముందే దూకేదాన్ని. ప్రతిసారీ ఆమె గట్టు మీది నుంచి, ఇద్దరూ చచ్చిపోయారని తీర్పు చెప్పేది. ఒకరోజు ఉండబట్టలేక, నాకు ఈత మస్తు వస్తుందని గట్టిగానే చెప్పాను.

“ఒస్తది బిడ్డా. నిన్ను పట్టుకునేటోనికి రాదు గద,” అంది. “ముందుగాల కర్ర అందియ్యి, లేకుంటె ట్యూబు ఇసురు. దుంకుడు ఆఖరికి.”

ఆ సాయంత్రం ఇక వెళ్లనని మేనత్తకు చెప్పేశాను. ఆమె వినిపించుకోకుండా రొట్టె వడ్డించింది. మర్నాడు మళ్లీ కుర్చీ ఎక్కాను.

ఒక ఆదివారం నేను మెడలో విజిల్‌తో కుర్చీ మీదున్నప్పుడు పెళ్లివాళ్లు కొందరు కొలనుకు వచ్చారు. వాళ్లలో బాగా లావుపాటి మనిషి ఒకడు లోతు వైపుకు జారాడు. స్నేహితులు నవ్వుతూ ఫోన్లలో వీడియో తీస్తున్నారు. నేనూ పరాచికమనే అనుకున్నాను. కానీ అతను నవ్వడం లేదు, అరవడం లేదు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి ఉంది, చేతులు నీళ్లను కిందికి నొక్కుతున్నాయి. కుర్చీ దిగి గట్టు దాకా పరుగెత్తాను. దూకబోయి, మళ్లీ ఇద్దరూ చచ్చారంటుందని సరోజ మేడం మీది కోపంతోనే ఆగి, పక్కనున్న పొడవాటి కర్ర అందించాను. అతను లాగిన లాగుడుకు మోకాళ్లు బండకు గీరుకుపోయాయి. స్నేహితులు పరుగెత్తుకొచ్చి పట్టుకోకపోతే నేనూ నీళ్లలో ఉండేదాన్ని, అతని చేతుల కింద.

సరోజ మేడం వచ్చి అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టింది, ఊపిరి సర్దుకున్నాక ఆసుపత్రికి పంపింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడైనా శభాష్ అంటుందనుకున్నాను.

“విజిల్ ఎందుకు ఊదలే?” అంది.

ఏడుపు ఆగలేదు. ఆమె నా పక్కన కూలబడి మోకాళ్లకు మందు రాసింది. తన అక్క ఎవరినో కాపాడబోయి తాండూరు దగ్గర బండల గనిలో నిలిచిన నీళ్లలో దూకిందని చెప్పింది. “నీ లెక్కనే మస్తు ఈతొస్తుండె,” అంది. మందు సీసా మూత బిగించి లేచింది. మర్నాడు పొద్దున మళ్లీ అదే విజిల్, అదే సణుగుడు.

పరీక్ష పాసయ్యాను. పరీక్ష పెట్టడానికి వచ్చినవాళ్లు మెచ్చుకుంటుంటే, ఈ పిల్లకు ఇంకా తొందర తగ్గలేదని వాళ్ల ఎదుటే అంది. ఆ కొలను దగ్గర పని చేస్తూనే డిగ్రీ పూర్తి చేశాను. ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతున్నాను.

ఆమె వల్ల జీవితంలో ఒక సుఖం పోయింది. మా ఆయన తరఫు చుట్టాలతో ఏ చెరువుకో, ప్రాజెక్టుకో వెళితే అందరూ నీళ్లకు వీపు పెట్టి హాయిగా తింటారు, నేను తినలేను. జర తిను, ఎవరికీ ఏం కాదు అని ఆయన విసుక్కుంటాడు. పిల్లలు నీళ్లలో కేకలు పెడుతున్నంతసేపు నాకు ఫికరు లేదు. ఒక్క గొంతు తగ్గితే చాలు, కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలి లేచి నిలబడతాను.