శని మీద తాతయ్య బరువు

మొన్న క్లినిక్‌లో బరువు చూసే మిషనెక్కితే అరవై మూడు చూపించింది. "కాస్త తగ్గాలండి" అంది నర్సు. నాకు మాత్రం నవ్వాగలేదు. అది శనిగ్రహం మీద మా తాతయ్య బరువు.

తొంభైల చివర్లో తిరువూరులో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఏ గ్రహం మీద మనిషి ఎంత తూగుతాడో చూపించే చార్టు వేస్తానన్న నా ఆలోచన విజయవాడ సైన్స్ ఫెయిర్‌కి ఎంపికైంది. నా కాళ్లు నేల మీద ఆనలేదు. కానీ గుడిలో అర్చకులైన తాతయ్య ఒప్పుకోలేదు. నాది మీనరాశి, ఏలినాటి శని నడుస్తోంది, ప్రయాణం పనికిరాదు. ఇంట్లో ఆయన మాటకి తిరుగులేదు. మంచి చేసుకుందామని చార్టులో మనిషిగా ఆయన్నే పెట్టాను. బస్టాండులో రంగు లైట్ల బరువు మిషను ఇచ్చిన టికెట్టు ప్రకారం ఆయన అరవై కిలోలు. చంద్రుడి మీద పది, గురుడి మీద నూట యాభై దాకా, సూర్యుడి మీద నిలబడగలిగితే పదహారు వందల ఎనభై. శని దగ్గరే బోర్లా పడ్డాను. అది భూమికి తొంభై అయిదు రెట్లు బరువని చదివి, అరవైని తొంభై అయిదుతో గుణించి అయిదు వేల ఏడు వందలని రాసేశాను.

"చూశావా అమ్మడూ, ఆయన పట్టాడంటే అంత బరువు. అందుకే వద్దంటున్నా" అన్నారు తాతయ్య, గెలిచిన ముఖంతో.

మర్నాడు సైన్సు సార్ చార్టు చూసి ఫక్కున నవ్వారు. "బరువొక్కటే చూస్తే ఎలాగమ్మా? శని ఎంత పెద్దదో చూడొద్దూ? నువ్వు నిలబడే చోటు దాని నడిమధ్య నుంచి ఎంత దూరమైతే లాగుడు అంత తగ్గుద్ది" అన్నారు. ఆ దూరం భూమికన్నా తొమ్మిదిన్నర రెట్లు. లాగుడు దూరం వర్గం కొద్దీ తగ్గుతుంది కాబట్టి తొమ్మిదిన్నరతో ఒకసారి కాదు, రెండుసార్లు భాగించాలి. లెక్క తేలేసరికి ఒళ్లు పులకరించింది. బడి గంట కొట్టగానే సంచీ ఎగిరిపడేలా ఇంటికి పరిగెత్తాను.

తాతయ్య నమ్మలేదు. ముహూర్తాలు వేళ్ల మీద లెక్కగట్టే మనిషి, పంచాంగం అట్ట మీద తనే వేసుకున్నారు, రెండుసార్లు. రెండుసార్లూ అరవై మూడే.

"మూడు కిలోలేనా" అన్నారు చివరికి, కాస్త చిన్నబుచ్చుకున్నట్టు.

"మూడు కిలోలు మోయలేదా పిల్ల? పంపండి" అంది నాయనమ్మ.

పంపడం కాదు, ఆయనే వెంట వచ్చారు, ఎందుకైనా మంచిదని నువ్వులనూనె దీపం పెట్టించి మరీ. నాకు బహుమతి రాలేదు. తాతయ్య మాత్రం సాయంత్రం దాకా చార్టు పక్కనే నిలబడి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ శని తనకి మూడు కిలోలేనని చెప్పారు. అంత సంతోషం నాకు మళ్లీ ఏ బహుమతితోనూ రాలేదు.

శని రాశులన్నీ చుట్టడానికి ముప్ఫై ఏళ్లు పడుతుందనేవారాయన. ఇప్పుడు మళ్లీ మీనంలోకి వచ్చాడట. వేళ తప్పకుండా తను వచ్చాడు గానీ, నా చార్టు పక్కన నిలబడ్డ మనిషిని వెంట తీసుకురాలేదు.