కోరుట్లలో దొరకని కొలత

ముసురు పట్టి అప్పటికి మూడో రోజు. ఉదయం ఏడు దాటాక జగిత్యాల బస్టాండులో మెట్‌పల్లి వెళ్లే పల్లెవెలుగు ఎక్కాను. సంచిలో కొలత టేపు, నట్లు తిప్పే పానాలు రెండు, ఒక తువ్వాలు, ఇంట్లో చేసిచ్చిన సర్వపిండి. కోరుట్లకు ఒక టికెట్ అడిగితే కండక్టర్ నన్ను వింతగా చూశాడు. బస్సు నిండా ఉచితంగా వెళ్లే జీరో టికెట్ల ఆడవాళ్లే, డబ్బులిచ్చే మగవాళ్లం నలుగురమో ఐదుగురమో ఉన్నాం.

నేను బయలుదేరింది ఒక సైకిల్ కోసం. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి సైకిల్ కోసం సెలవు పెట్టి ఊళ్లు పట్టుకు తిరగడమేమిటని మా ల్యాబులో నవ్వారు. నవ్వనీ. నా ఒంటి తీరు చెబితే గానీ ఈ ప్రయాణం అర్థం కాదు. నిలబడితే ఆరడుగులకు కొంచెం తక్కువ. కూర్చుంటే మాత్రం పక్కనున్న పొట్టివాడితో సమానం. ఉన్న ఎత్తంతా కాళ్లలోనే ఉంది. నడుము నుంచి మెడ దాకా పెద్దగా ఏమీ లేదు, చేతులూ పొట్టివే.

వంగిన హ్యాండిలు, సన్నని టైర్లు ఉండే రోడ్డు సైకిళ్లను ఫ్రేము సైజు చూసి కొనాలి. దుకాణాల్లో మనిషి ఎత్తు అడిగి సైజు చెప్పేస్తారు. నా ఎత్తుకు తగిన ఫ్రేము తీసుకుంటే సీటుకూ హ్యాండిలుకూ మధ్య దూరం ఎక్కువైపోతుంది. అందుకోవడానికి ముందుకు పడిపోతాను, బరువంతా అరచేతుల మీద పడుతుంది. చిన్న ఫ్రేము తీసుకుంటే హ్యాండిలు దగ్గరే, కానీ కాళ్లకు సరిపడేలా సీటు లేపేసరికి అది కింద పాతాళంలో ఉంటుంది. నాకు కావలసింది పై కడ్డీ పొట్టిగా, ముందు గొట్టం పొడుగ్గా ఉన్న ఫ్రేము. అలాంటివి తక్కువ తయారవుతాయి. తయారైనవి మన వైపు రావు.

నాలుగేళ్లు నా ఎత్తు ఫ్రేమే తొక్కాను. చిటికెన వేలు, దాని పక్క వేలు రెండు చేతులకూ తిమ్మిరెక్కడం మొదలైంది. మొదట తొక్కినంతసేపే ఉండేది, తర్వాత ల్యాబులోనూ వదల్లేదు. నా పని రోగుల దగ్గర రక్తం తీయడం. ఒక పెద్దాయనకు నరం దొరక్క మళ్లీ మళ్లీ గుచ్చాను. ఆయన చొక్కా చేయి కిందికి లాక్కుని వెళ్లిపోయాడు. ఆ వారమే డాక్టరు గట్టిగా చెప్పాడు, సైకిలన్నా మార్చు, తొక్కడమన్నా మానెయ్ అని. మానేసి వేసవంతా ఇంట్లో కూర్చున్నాను. తొక్కని మనిషిగా నేను ఎందుకూ పనికిరానని అప్పుడు తెలిసింది. నిద్ర లేదు, తిండి సయించదు, ఎవరు పలకరించినా కోపం. అందుకే ఆ రోజు ఒక నిర్ణయంతో బస్సెక్కాను. కోరుట్లలో ఒకటి, సిరిసిల్లలో ఒకటి, రెండు సైకిళ్లు చూస్తాను. రెండూ కుదరకపోతే ఇంక ఈ ముచ్చట ఎత్తను.

నా మోకాళ్లు ముందు సీటుకు గుచ్చుకుంటుంటే పక్కనున్న ముసలామె కాసేపు చూసి ఊరుకోలేకపోయింది.

"ఓ కొడుకా, గివేం కాళ్లురా నాయినా. జర లోపటికి పెట్టుకో, మనుషులు పోవద్దా?"

"ఏడ పెట్టుకోవాలె అవ్వా, తీసి పైన పెట్టరాదు గదా," అన్నాను.

ఆమె నవ్వింది. దిగేటప్పుడు ఆమె సంచి తగిలి నా గొడుగు విరిగింది. చూసుకోలేదు పాపం. నేనూ చెప్పలేదు.

కోరుట్లలో దిగేసరికి ఎనిమిదిన్నర. బస్టాండు ఎదుట ఉప్మా తిని, చాయ్ తాగి, దుకాణం తెరిచేదాకా చూరు కింద నిలబడ్డాను. దుకాణదారు మర్యాదస్తుడు. సైకిల్ కూడా మంచిదే, గల్ఫ్ నుంచి వచ్చిన వాళ్లెవరో అమ్మి వెళ్లారట.

"మీ ఎత్తెంత సార్?"

చెప్పాను.

"అయితె గిదే మీ సైజు. కండ్లు మూసుకొని తీస్కపోండ్రి."

"ఎత్తు సంగతి కాదన్నా. నాయి కాళ్లు పొడుగు, నడుం మీది ఒళ్లు పొట్టి."

"కాళ్లు పొడుగుంటె మంచిదేనాయె సార్. జల్ది తొక్కుతరు."

వానలోనే మెట్‌పల్లి రోడ్డు మీద కొంత దూరం తొక్కి వచ్చాను. తిరుగుదారిలోనే చిటికెన వేలు మొద్దుబారింది. సైకిల్ ఆయనకు అప్పగించి చేతులు విదిలించుకుంటూ నిలబడ్డాను.

"అలవాటైతది సార్. షురూల అందరికీ గట్లనే ఉంటది," అన్నాడాయన.

"అలవాటై నాలుగేండ్లాయె," అన్నాను.

ఆయన్ను అనడానికేముంది, తప్పంతా నా ఒంట్లో ఉంటే. అయినా దుకాణం మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చినంత పనైంది.

పది దాటాక కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ వెళ్లే బస్సు దొరికింది. ఈ దారి పొడవునా మక్కజొన్న చేన్లు, నీళ్లు నిలిచిన పొలాలు, తడిసి ముద్దైన ఊళ్లు. కిటికీ అద్దం సరిగా పడక నా ఎడమ భుజం తడుస్తూనే ఉంది. వేములవాడ రాజన్న గుడికి మొక్కు తీర్చుకోవడానికి పోతున్న ఒకాయన రుద్రంగిలో ఎక్కి పక్కన కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే సైకిల్ కొనడానికని చెప్పాను.

"మీ ఊర్ల సైకిళ్లు లెవ్వా?"

"ఉన్నయి గని నాకు పట్టయి."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి కళ్లు మూసుకున్నాడు. వేములవాడలో బస్సు మారి సిరిసిల్ల చేరేసరికి పన్నెండున్నర. నా వెనక వచ్చే వాళ్లకు ఒక మాట: ఈ దారిలో బస్సులు తక్కువ, తిండి వెంట ఉంచుకోండి. నేను సర్వపిండి బస్టాండు బల్ల మీద కూర్చుని తిన్నాను.

సిరిసిల్ల సైకిల్ సంగతి నాకు ఫోన్లో ఒక గ్రూపులో కనిపించింది. అమ్మకానికి పెట్టిన శ్రీను అనే కుర్రాడు నన్ను తీసుకెళ్లడానికి రోడ్డు దాకా వచ్చాడు. నన్ను చూడగానే ఒక్క క్షణం ఆగిపోయాడు. తర్వాత "రాండ్రి అన్నా" అని ముందు నడిచాడు. సందు పొడుగునా సాంచల చప్పుడు. మరమగ్గాలను వాళ్లు సాంచలంటారు. ఆ చప్పుడులో మాట్లాడాలంటే అరవాలి.

సైకిల్ శ్రీను వాళ్ల అన్నది. పేరు సత్యం, సాంచల మీద పనిచేసేవాడు. పోయిన చలికాలం కామెర్లు వచ్చి నెల తిరగకుండానే చనిపోయాడు. ఇంట్లో ఆయన భార్య పద్మ బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి లేచింది. సైకిల్ గోడకు వేలాడుతోంది, మీద తెల్లని పాలిస్టర్ గుడ్డ కప్పి ఉంది. శ్రీను గుడ్డ తీశాడు. పై కడ్డీ పొట్టిగా, ముందు గొట్టం పొడుగ్గా ఉంది. టేపు బయటికి తీయాల్సిన పనే పడలేదు.

తొక్కి చూస్తానన్నాను. నా ప్యాంటు మోకాళ్ల దాకా బురద, చుక్కలు కారుతున్నాయి. పద్మ లోపలికి వెళ్లి మడత పెట్టిన ప్యాంటు ఒకటి తెచ్చింది.

"గిది తొడుక్కోండ్రి అన్నా. తడి బట్టతోని ఏం తొక్కుతరు."

వద్దన్నాను. ఆమె వినలేదు. లోపలి గదిలో మార్చుకున్నాను. నాకు దుకాణంలో కొన్న ఏ ప్యాంటూ మడమ దాకా రాదు, కుట్టించుకోవాల్సిందే. ఇది వచ్చింది. నడుము దగ్గరా సరిపోయింది. బయటికి రాగానే పద్మ నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ ప్యాంటు సంగతి తనే చెప్పింది. "దినాలైనంక బట్టలు ఎవలకన్న ఇయ్యాలె గదా. మా తమ్మునికియ్యబోతె రెండు మడతలు పెట్టినా నేల మీద ఈడ్సవట్టె. శీనుకు గట్లనే. ఎవ్వలకు రాలె. గట్లనే ఉంచిన."

సైకిల్ బయటికి తీసుకెళ్లి సందు చివరిదాకా, అక్కణ్నించి పెద్ద రోడ్డు మీదికి తొక్కాను. సీటు పానాతో తిప్పాల్సిన అవసరం రాలేదు. మోచేతులు కొద్దిగా వంగాయి, అరచేతులు హ్యాండిలు మీద ఊరికే ఆనాయి. వాటి మీద బరువే లేదు. ఇన్నేళ్లకు ఒక సైకిల్ నా కింద నాది లాగే ఉంది. ఒళ్లంతా సంతోషం పొంగింది. ఆ వెంటనే, చచ్చిపోయినవాడి సైకిల్ మీద ఇంత సంతోషపడుతున్నానే అని సిగ్గేసింది.

తిరిగొచ్చాక పద్మ చాయ్ ఇచ్చింది. ఈ ఫ్రేము ఆయనకు ఎలా దొరికిందని అడిగాను.

"హైదరాబాద్ల రెండేండ్లు దేవులాడిండు. ప్రతి దుకాణపోడు ఎత్తు అడుగుడు, పెద్దది అంటగట్టుడు. చేతులు తిమ్మిరెక్కుతున్నయని రాత్రి లేసి కూసునేటోడు." ఆమె గ్లాసు వైపే చూస్తూ అంది, "'నా అసుంటోడు ఇంకొకడు ఎక్కడన్న ఉంటె వానికన్న చెప్తుంటి, గింత తిప్పల పడకపోతుండె' అంటుండె."

శ్రీను చెప్పిన ధర ఇచ్చాను, బేరమాడలేదు. ప్యాంటు విప్పబోతే పద్మ ఒప్పుకోలేదు. "తొడుక్కొని పోండ్రి అన్నా. ఎవలకన్న అక్కరకొచ్చె," అని లోపలికి వెళ్లి ఇంక బయటికి రాలేదు.

బస్సు మీద వేసుకుని పోదామనుకున్నవాణ్ని, రెండు గంటలకు తొక్కుతూనే బయలుదేరాను. వేములవాడ దాటి కొడిమ్యాల దారి పట్టాను. వేసవంతా తొక్కక తొడలు మంటలెత్తాయి. ముసురు కొంచెం సన్నబడింది గానీ ఆకాశం తెరిపివ్వలేదు. కొడిమ్యాల చేరే ముందు ఒక చాయ్ బండి కనిపించింది. దిగి, రోడ్డు వైపు తిరిగి నీళ్లు తాగుతుంటే వెనక నుంచి కేక.

"ఓ సత్తెన్నా! ఎన్ని దినాలకన్నా?"

తిరిగాను. బండి ఆయన ముఖంలో నవ్వు నిలిచిపోయింది.

"మాఫ్ చెయ్యన్నా. ఎనుకకెల్లి సూస్తె అచ్చం గా సిరిసిల్ల సత్తెన్న లెక్కనే ఉన్నవ్. సైకిల్ గుడ గదే. ఐతారం వస్తె ఈడ చాయ్ తాగక పోకపోతుండె. అస్తలేడేంది, మంచిగున్నడా?"

నేను సత్యం చుట్టాన్ని కాను, స్నేహితుణ్ని కాను. ఒక్కసారి కూడా ఆయన ముఖం చూడలేదు. అయినా ఆ కబురు చెప్పాల్సింది నేనే అయ్యాను. చెప్పాను. బండి ఆయన స్టవ్ తగ్గించాడు.

"పోయిండా," అన్నాడు. "గంత దూరంకెల్లి కొండగట్టు కమాన్ దాక పోయి మర్రొచ్చేటోడు, ప్రతి ఐతారం. పొద్దుగాల ఏడింటికల్ల కమాన్ కాడుండాలె అనేటోడు."

ఆయన ఇచ్చిన చాయ్ గ్లాసు అందుకున్నాను. జగిత్యాల నుంచి నేనూ ప్రతి ఆదివారం కొండగట్టు గుడి దారిలోని ఆ స్వాగత తోరణం, కమాన్ దాకానే వచ్చి తిరిగి వెళ్లేవాణ్ని. లేవడానికి బద్ధకం నాకు, కమాన్ చేరేసరికి ఎనిమిదయ్యేది. నేను అటునుంచి వస్తుంటే ఆయన ఇటు మళ్లి వెళ్తూ ఉండేవాడన్నమాట. ఏళ్ల తరబడి ఇలా జరిగింది.

చాయ్‌కి డబ్బులిస్తే ఆయన తీసుకోలేదు.

నాలాంటి ఒళ్లు ఉన్నవాళ్లెవరైనా ఇది చదివితే, దుకాణంలో ఎత్తు చెప్పి ఊరుకోకండి. గోడకానుకుని నిలబడి కాళ్లు కొలుచుకోండి, తర్వాత వెన్ను, చేతులు. చేతులు తిమ్మిరెక్కితే అలవాటవుతుందనే మాట నమ్మకండి, అలవాటు కాదు. సరైనది ఉంటుంది, దొరకడమే కష్టం. నాకు దొరికింది. మల్యాల దగ్గర కమాన్ కిందుగా వెళ్తున్నప్పుడు దీపాలు పెట్టారు. జగిత్యాల చేరేసరికి చీకటి పడింది. దారంతా ఒక్కొక్క వేలే కదిపి చూసుకుంటూ వచ్చాను, పదీ బాగానే ఉన్నాయి. ఇది ఎంత సంతోషమో చెప్పకుండానే తెలిసే మనిషి ఈ రోడ్డు మీద ఒకడు ఉండేవాడు. ఆయనతో ఒక్క ఆదివారం కూడా కలిసి తొక్కలేదు.